కోట గండి దగ్గర నుంచి

బెంగళూరు,
ఆదివారం రాత్రి

ఒరేయ్ రాఘవా,

నీ ఉత్తరం అందింది. "ఎప్పుడో యుద్ధం జరిగిందని ఎకరాలకు ఎకరాలు అట్టే పెట్టుకుంటే మన పిల్లలు ఇళ్లెక్కడ కట్టుకోవాలి? చచ్చినవాళ్లకు ఎంత నేల కావాలిరా?" అని అడిగావు. పల్నాటి యుద్ధం జరిగిన కారెంపూడి పక్కన పుట్టి ఈ మాట అంటున్నావంటే నన్ను రెచ్చగొట్టడానికేనని తెలుసు. తెలిసీ రెచ్చిపోయాను.

పోయిన నెల అమ్మకు మింటో ఆసుపత్రిలో కంటి శుక్లం తీయించాను. కట్టు విప్పేదాకా నాకు పనేమీ లేదు. కృష్ణరాజేంద్ర మార్కెట్ వైపు నడిచాను. బంతిపూల గంపలు, బస్సుల హారన్లు, వాటి మధ్య పాత కోట ద్వారం. ఢిల్లీ గేటు అంటారు. పద్దెనిమిదేళ్లుగా దాని ముందు నుంచి బస్సులో వెళ్తూనే ఉన్నాను, దిగి చూసింది మాత్రం అదే మొదటిసారి. లోపల చిన్న వినాయకుడి గుడి. పూజారి హారతి ఇస్తుంటే పూలమ్మే ఒకావిడ చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకుని వెళ్లింది. చూడ్డానికి వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే.

గోడకు ఒక పాలరాతి పలక ఉంది. ఈ గండి గుండానే 1791 మార్చి 21న బ్రిటిష్ దాడి జరిగిందని ఇంగ్లీషులో చెక్కారు. అంతే. టిప్పు సుల్తాన్ తరఫున కోటను కాచిన కిల్లేదారు, అంటే కోట అధికారి, బహదూర్ ఖాన్ ఆ రాత్రే పోరాడుతూ చనిపోయాడు. ఆయన పేరు పలక మీద లేదు. గోడ పగలగొట్టి వచ్చినవాళ్లకు పాలరాయి, అడ్డంగా నిలబడినవాడికి ఏమీ లేదు. నాకు అక్కడ ఒళ్లు మండింది.

నువ్వు పట్టుకోబోయే లోపాన్ని నేనే చెప్పేస్తాను. 1761లో హైదర్ అలీ రాతితో పటిష్ఠం చేయించిన కోటలో ఇప్పుడు మిగిలింది ఈ ద్వారమూ కాస్త గోడా. తక్కిన నేలలో విక్టోరియా ఆసుపత్రి, వాణీవిలాస్ ఆసుపత్రి, మెడికల్ కాలేజీ లేచాయి. అమ్మకు చూపు తెచ్చిన ఆసుపత్రి కూడా ఆ నేల మీదిదే. వాటికి బదులు కందకం ఉంచి ఉంటే బాగుండేదని అనే నోరు నాకు లేదు.

అయినా ఒక వెలితి. బ్రిటిష్ వాళ్లు పేటను, అంటే కోట బయటి బజారు ఊరిని, మార్చి 7నే పట్టుకున్నారు. పక్కనే ఉన్న కోట లొంగడానికి మరో రెండు వారాలు పట్టింది. ఎందుకో అక్కడ నిలబడితే తెలుస్తుందనుకున్నాను. ఫిరంగులు ఎటువైపు ఉండేవి, కందకం ఎంత వెడల్పు, ఏది మిట్ట, ఏది పల్లం, ఏదీ అంతుబట్టలేదు. అటు చూస్తే ఫ్లైఓవర్, ఇటు చూస్తే బస్సులు. 2012లో ఇక్కడే మెట్రో కోసం తవ్వుతుంటే రెండు ఇనుప ఫిరంగులు బయటపడ్డాయి. అంటే పైన ఆనవాళ్లు పోయినా కింద ఇంకా ఏదో ఉందన్నమాట.

ఇంకో తమాషా విను. ఈ కోటను పట్టుకున్న కారన్‌వాలీస్ దొర పదేళ్ల ముందు, 1781లో, అమెరికాలోని యార్క్‌టౌన్‌లో ఓడి లొంగిపోయాడు. ఆయన ఓడిన చోటును వాళ్లు జాతీయ పార్కు చేసి కాపాడుకుంటున్నారు. ఆయన గెలిచిన చోట మనం బంతిపూలు బేరమాడుతున్నాం!

మన చట్టం సంగతి కూడా చెప్పాలి. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషేధం, ఆపైన మరో 200 మీటర్లలో కట్టాలంటే అనుమతి కావాలి. 2010 సవరణ అది. బాగానే ఉంది. కానీ గోడా గుమ్మమూ ఏమీ లేని ఒట్టి పొలంలో యుద్ధం జరిగితే టేపు ఎక్కడ పెట్టి కొలుస్తావు?

అందుకే నీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఊరు మింగేసిన చోట మిగిలిన ముక్కను వదలకూడదు, ఓడినవాళ్ల పేర్లు కూడా రాసిపెట్టాలి. ఊరు ఇంకా ముట్టని చోట ప్లాట్లు వేయకూడదు. బీడు పెట్టమని నేను అనడం లేదు. మిరప వేసుకోండి, పత్తి వేసుకోండి. నాగలి ఎన్నిసార్లు తిరిగినా మిట్ట మిట్టగానే, వాగు వాగుగానే ఉంటుంది. పునాదులు పడి, గట్లు చదునై, సిమెంటు రోడ్డు వచ్చిందంటే ఆ రూపు మళ్లీ రాదు.

నీకు ఇవన్నీ నేను చెప్పడమేమిటి! ఏటా కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు మీ దగ్గర పల్నాటి వీరుల ఉత్సవాలు. వీరుల కొణతాలు, అంటే వాళ్ల ఆయుధాలు, ఎక్కడెక్కడి నుంచో తెస్తారు. మూడో రోజు మందపోరు నాడు కులభేదం లేకుండా అందరూ కలిసి తినే చాపకూడు పెడతారు. చిన్నప్పుడు నువ్వు రెండోసారి వడ్డించుకోబోతే మీ నాన్నగారు చెవి మెలిపెట్టింది మర్చిపోయావా? ఎనిమిది వందల ఏళ్ల నాటి యుద్ధాన్ని పలకలూ కంచెలూ అక్కర్లేకుండా జనమే నిలబెట్టారు. ఆ జనం నిలబడడానికి మాత్రం చోటు కావాలి కదరా. చచ్చినవాళ్లకు ఎంత నేల కావాలని అడిగావు. ముందు బతికున్నవాళ్లకు ఆ ఐదు రోజులూ ఎంత కావాలో చూద్దాం.

ఈ కార్తీకానికి వస్తున్నాను. అమ్మ కూడా వస్తానంటోంది, కళ్లజోడు లేకుండా కోడిపోరు చూస్తుందట. నాగులేటి ఒడ్డున జనం ఎక్కడి నుంచి ఎక్కడి వరకు నిలబడతారో నువ్వు ఈలోగా ఒకసారి నడిచి, అడుగులు లెక్కపెట్టి రాయి. ఎకరాల లెక్క వచ్చాక మాట్లాడుకుందాం.

నీ
శ్రీనివాసు