పిల్లల చేతిపనుల శీర్షికలో పిల్లల చేతులు కనిపించాలి

సంపాదకుల గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో వస్తున్న పిల్లల చేతిపనుల శీర్షికను మొదటి నుంచీ శ్రద్ధగా చదువుతున్నాను. చిన్నపిల్లలకు కుట్టుపని నేర్పడం నా వృత్తి కావడం వల్ల, అందులోని నమూనాలను చదివి ఊరుకోకుండా కొన్నింటిని పిల్లల చేత చేయించి చూస్తుంటాను. బొమ్మలు ముచ్చటగా ఉంటున్నాయి, వివరణ తేటగా ఉంటోంది. అయినా ఒక విషయం మీ దృష్టికి తేవలసి వచ్చింది. పెద్దలు పిల్లల కోసం కుట్టేవి ఒక రకం, పిల్లలు తమ చేతులతో కుట్టేవి మరో రకం. మొదటిదానికి పనితనం, దానికి మించి భద్రత కావాలి. రెండోదానికి ఓపిక కావాలి, వంకర కుట్టును వంకరగానే ఉండనిచ్చే మనసు కావాలి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి ‘మీ చిన్నారితో కలిసి చేయండి’ అని రాసేసరికి పని మొత్తం ఇంట్లో పెద్దవాళ్ల మీద పడుతోంది. పిల్లకు మిగిలేది జిగురు సీసా మూత తీయడం, చివర్లో ఫొటోకు నిలబడటం.

ఇటీవల వచ్చిన చేతితొడుగు బొమ్మనే తీసుకుందాం. ‘ఐదేళ్లు దాటినవారికి’ అని పైన రాసి ఉంది. లోపల చూస్తే 12 ఫెల్టు (నేయకుండా పోగులను అదిమి చేసిన మందపాటి గుడ్డ) ముక్కలను గీత వెంబడి కత్తిరించాలి, గోరంత కనురెప్పలను అతికించాలి, అంచు చుట్టూ సమానమైన దూరంలో కాజా కుట్టు వేయాలి. ఐదేళ్ల చేతికి ఇందులో ఒక్కటీ లొంగదు. పెద్దలకే అది ఒక మధ్యాహ్నం పని. అలాంటి బొమ్మ చేయవద్దని నేను అనడం లేదు. చేసి పిల్లకు ఇవ్వండి, ఆడుకుంటుంది. కానీ దాన్ని పిల్ల చేసే పనిగా అచ్చు వేస్తే, చేయలేకపోయిన పిల్ల తనకు చేతకాదని అనుకుంటుంది, చేయించలేకపోయిన పెద్దలు తమ పిల్లకు ఓపిక లేదని అనుకుంటారు. లోపం వాళ్లిద్దరిలోనూ లేదు, వయసు వేసిన తీరులో ఉంది.

చిన్నపిల్లల చేతికి సూదీదారం ఇవ్వడం కొత్త ఆలోచన కాదు. 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో శిశువుల కోసం పాఠశాల మొదలుపెట్టి, తర్వాత దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్ తన పద్ధతిలో కాగితం మడవడం, పట్టీలు అల్లడంతోపాటు అట్ట మీద చుక్కలు గుచ్చి వాటి గుండా దారంతో కుట్టడాన్ని కూడా చేర్చాడు. ఆ అట్ట మీద బొమ్మ అందంగా రావడం కన్నా, కన్ను ఒక చుక్కను చూసుకుని చేయి అక్కడికే చేరడం ఆయనకు ముఖ్యం. ఫిన్లాండ్‌లో 1866 నాటికే చేతిపని బడిలో తప్పనిసరి పాఠమైంది. ఇంత పాత విద్యను మనం ఇవాళ ‘సెలవుల్లో కాలక్షేపం’ అనే పెట్టెలో పడేయడం నాకు బాధగానే ఉంటుంది.

ఇక పిల్లలు నిజంగా చేయగలిగిన వాటి సంగతి. మూడు నాలుగేళ్ల పిల్లలకు సూది అక్కర్లేదు. గట్టి అట్టకు అంచు వెంబడి వేలెడు దూరంలో రంధ్రాలు వేసి, బూటు లేసు ఇస్తే చాలు. ఊలు దారమైతే కొసకు టేపు చుట్టి బిరుసు చేయాలి, లేకపోతే పురి విడిపోయి రంధ్రంలో దూరదు, పిల్ల విసుక్కుంటుంది. ఈ దశలో పిల్లలు రంధ్రాలను వరస తప్పించి దూకుతారు, ఒకే రంధ్రంలో నాలుగుసార్లు దూరుస్తారు, అంచు చుట్టూ తిప్పుతారు. అన్నీ సరైనవే. చేయి నేర్చుకుంటున్నది దూర్చడం, లాగడం, ఎక్కడ ఆపాలో తెలుసుకోవడం. వరస దానంతట అది తర్వాత వస్తుంది.

ఐదేళ్ల ప్రాంతంలో మొన మొద్దుగా, బెజ్జం పెద్దగా ఉండే ఊలు సూదిని, వదులుగా నేసిన గోనె గుడ్డను ఇవ్వవచ్చు. గుడ్డను ఎంబ్రాయిడరీ రింగులో బిగించాలి. ఈ పనిని మొదటిసారి చేసే పిల్లను దగ్గర కూర్చుని చూడండి. సూదిని పైనుంచి కిందికి దించుతుంది; అంతవరకు బాగానే ఉంటుంది. ఆ తర్వాత రింగును తిరగేసి, సూది ఎక్కడ తేలిందో వెతికి, లాగి, దాన్ని రింగు బయటి నుంచి తిప్పి తెచ్చి మళ్లీ పైనుంచే గుచ్చుతుంది. దారం రింగు అంచు మీదుగా చుట్టుకుపోతుంది. కింద నుంచి పైకి రావాలని ఎన్నిసార్లు చెప్పినా తలకెక్కదు, ఎందుకంటే కంటికి కనిపించని అవతలి వైపు ఆ వయసుకు లేనట్టే. అందుకే నేను రింగును బల్ల అంచు దాటి సగం బయటికి వచ్చేలా పట్టుకుని, ‘సూది కింది అంతస్తుకు దిగింది, ఇక మేడ ఎక్కాలి’ అంటాను. ఒకసారి అర్థమయ్యాక ఆ పిల్ల ముఖం చూడాలి. తర్వాత గంటసేపు పిలిచినా పలకదు.

దారం విషయంలో పెద్దలు ఒక పొరపాటు చేస్తుంటారు. మాటిమాటికీ సూదిలోకి దారం ఎక్కించలేక బారెడు దారం తెంపి ఇస్తారు. అది చిక్కుపడి, ఎక్కించడం కన్నా చిక్కు తీయడానికే ఎక్కువ సేపు పడుతుంది. పిల్ల చేతి వేళ్ల నుంచి భుజం వరకు ఎంత పొడవు ఉందో అంత దారం చాలు, ఒక లాగుడులో ఆఖరి వరకు వస్తుంది. సన్నని కుట్టుదారమైతే రెండు కొసలూ కలిపి ముడి వేస్తే సూది జారిపోదు. పోగు దారానికి మైనం పూస్తే చిక్కులు తగ్గుతాయి. ఇలాంటి చిన్న సంగతులు మీ శీర్షికలో రంగుల ఎంపిక గురించి రాసే పేరాల కన్నా ఎక్కువ ఉపయోగపడతాయని నా అభిప్రాయం.

ఆరేడేళ్లకు పరుగు కుట్టు (సూదిని గుడ్డలో కిందికీ పైకీ దూరుస్తూ ముందుకు సాగే కుట్టు) కుదురుతుంది, నాలుగు రంధ్రాల పెద్ద బొత్తాం కుట్టడం వస్తుంది, రెండు ఫెల్టు ముక్కలను కలిపి చిన్న సంచీ చేయగలరు. ఫెల్టుకు పోగులు ఊడవు, అంచు మడవనక్కర్లేదు, అందుకే మొదటి వస్తువుకు అదే మేలు. మామూలు నూలు గుడ్డ అయితే ముందు తడిపి ఆరబెట్టాకే కత్తిరించాలి, లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుని కుట్టు దగ్గర ముడతలు పడుతుంది. కత్తెర గురించి ఒక్క మాట. మొన గుండ్రంగా ఉండాలి కానీ పదును ఉండాలి. మొద్దు కత్తెర గుడ్డను కోయదు, రెండు రెక్కల మధ్య మడిచేస్తుంది, అప్పుడు పిల్ల బలమంతా ఉపయోగిస్తుంది, చేయి జారేది అక్కడే. ఎడమచేతి వాటం పిల్లలకు ఎడమచేతి కత్తెరే ఇవ్వాలి. కుడిచేతి కత్తెరను ఎడమ చేత్తో పట్టుకుంటే రెక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా ఎడమవుతాయి, పైగా కోసే గీత కంటికి ఆనదు. ఆ పిల్లలను ‘పనిలో మందం’ అని అనుకున్న పెద్దలను నేను చూశాను.

పిల్లలు నిద్రపోయాక వాళ్లు కుట్టినదాన్ని విప్పి మళ్లీ కుట్టే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బడిలో ప్రదర్శన ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. మర్నాడు పొద్దున పిల్ల తన సంచీని గుర్తుపడుతుంది, కుట్టును గుర్తుపట్టదు. మంచి ఉద్దేశంతోనే చేస్తారని నాకు తెలుసు, అయినా ఇది నాకు ఏమాత్రం మింగుడుపడని పని. కుట్టు ఊడిపోతుందన్న భయం ఉంటే పిల్ల కుట్టు పక్కనే అదే రంగు దారంతో మరో వరస వేయండి, ఆమె వరసను ముట్టుకోకండి. అలాగే మీ శీర్షికలో సూది పట్టుకున్న ఫొటోలన్నీ ఆడపిల్లలవే. 1919లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మొదలైన వాల్డార్ఫ్ పాఠశాలలో మగపిల్లలూ ఆడపిల్లలూ కలిసి అల్లిక నేర్చుకున్నారు. నూరేళ్లు దాటినా మన పేజీలోకి ఒక మగపిల్లవాడి చేయి రాకపోవడం విచిత్రం.

ఇప్పుడు పెద్దలు పసిపిల్లల కోసం కుట్టే వస్తువుల దగ్గరికి వస్తాను; ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. గుడ్లగూబ ఆకారపు దిండుకు బొత్తాల కళ్లు కుట్టి, దాన్ని ఉయ్యాలలో నిద్రపోతున్న శిశువు పక్కన పెట్టి తీసిన ఫొటో మీ పేజీలో వచ్చింది. అందులో రెండు ప్రమాదాలు ఉన్నాయి. మొదటిది బొత్తాం. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి ప్రయోగశాలల్లో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టం వాడతారు. దాని అడుగు ఏటవాలుగా ఉండి లోతు 25.4 నుంచి 57.1 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువు ఏదైనా పసిపిల్లకు గొంతులో అడ్డుపడగలదని లెక్క. చొక్కా బొత్తామే కాదు, కోటు బొత్తాం కూడా అందులో ఇమిడిపోతుంది. గట్టిగా కుట్టాం కదా అంటారు. ఐరోపా బొమ్మల భద్రతా ప్రమాణం ఈఎన్ 71 ప్రకారం 6 మిల్లీమీటర్లకు మించిన భాగం 90 న్యూటన్ల లాగుడును, అంటే దాదాపు 9 కిలోల బరువు వేలాడదీసినంత బలాన్ని, 10 సెకన్లపాటు తట్టుకోవాలి. మనం ఇంట్లో వేసిన ముడి అంత బరువును ఆపుతుందని ఎవరు చెప్పగలరు? ఒకవేళ ఆపినా, నోట్లో పెట్టుకుని నమిలిన దారం, పదిసార్లు ఉతికిన దారం కొత్త దారంతో సమానం కాదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మకు కళ్లు దారంతో కుట్టడమే మంచిది. నల్లదారంతో నిండు కుట్టు (ఖాళీ లేకుండా దారాలను పక్కపక్కనే పేర్చే కుట్టు) వేసిన కన్ను బొత్తాం కన్నా మెత్తగా, నా కంటికి అందంగా కూడా ఉంటుంది.

రెండోది ఆ దిండును పెట్టిన చోటు. ఏడాది లోపు శిశువు నిద్రించే చోట దిండు, మెత్తటి బొమ్మ, వదులు దుప్పటి ఏదీ ఉండకూడదని అమెరికా శిశువైద్యుల అకాడమీ చెబుతోంది. ఊపిరి ఆడకుండా ముఖానికి అడ్డుపడిన వస్తువును తోసేసే శక్తి ఆ వయసులో ఉండదు. చేత్తో కుట్టినదని, ప్రేమతో కుట్టినదని ఆ వస్తువుకు మినహాయింపు లేదు. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన పెద్దలు ఉన్నప్పుడు ఆడుకోనివ్వండి, నిద్రపుచ్చేటప్పుడు తీసేయండి.

తాళ్ల సంగతీ అంతే. చిన్నపిల్లల చొక్కాలకు మెడ దగ్గరా, తల కప్పే టోపీకీ లాగి బిగించే తాడు పెట్టకూడదని ఐరోపాలో ఈఎన్ 14682 అనే ప్రమాణం ఉంది. జారుడుబల్ల సందులో తాడు కొస ఇరుక్కుంటే శరీరం కిందికి జారుతుంది, మెడ అక్కడే ఆగిపోతుంది. తాడుకు బదులు లోపల ఎలాస్టిక్ కుట్టవచ్చు, లేదా అంటుకునే పట్టీ వేయవచ్చు. బొమ్మలో వెలిగే దీపం పెట్టాలనుకునేవారు బొత్తాం ఆకారపు బ్యాటరీల జోలికి పోకపోవడం మేలు. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలవు. అయస్కాంతాలు కూడా అలాంటివే, రెండు మింగితే పేగుల గోడలకు ఇరువైపుల నుంచి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. లోపల నింపడానికి గింజలు వాడవద్దు, కుట్టు విడిన రోజున అవన్నీ నోటికి చేరతాయి. ఉతికితే ముద్దకట్టని పాలిస్టర్ దూది నింపి, లోపలి కుట్టును వెనుక కుట్టుతో (ప్రతిసారీ సూదిని కాస్త వెనక్కి తెచ్చి గుచ్చే కుట్టు) రెండు వరసలు వేయండి. పని మొదలుపెట్టేటప్పుడు గుండుసూదులు లెక్కపెట్టి, ముగించాక మళ్లీ లెక్కపెట్టడం మాత్రం ఎంత చేయి తిరిగినవారైనా మానకూడదు.

ఇంత రాశాక నా కోరికలు కూడా చెప్పాలి. ప్రతి నమూనా పక్కన అది పెద్దలు చేసేదో, పిల్లలు చేసేదో ముందే రాయండి. పిల్లలు చేసేదైతే పెద్దలు ఎంతవరకు సాయం చేయాలో, ఎక్కడ చేయి తీసేయాలో చెప్పండి. పెద్దలు చేసేదైతే ఎన్నేళ్ల పిల్లకు ఇవ్వవచ్చో, అంతకన్నా చిన్నవారికి ఎందుకు ఇవ్వకూడదో రాయండి. ‘ఐదేళ్లు’ అని రాసేముందు ఒక ఐదేళ్ల పిల్ల చేత చేయించి, ఆ పిల్ల కుట్టినదే ఫొటో తీసి వేయండి. దారం వేలాడుతూ ఉంటే ఉండనివ్వండి. అది చూసిన పాఠకుడు తన పిల్ల కుట్టినదాన్ని విప్పడానికి కాస్త వెనకాడతాడు.

చివరగా అచ్చుకు సంబంధించిన ఒక విషయం. స్థలం చాలక నమూనా గీతలను చిన్నవి చేసి ముద్రిస్తున్నారు, వాటిని ఎంత పెంచుకోవాలో మాత్రం రాయడం లేదు. పోయినసారి టోపీ నమూనాను ఉన్నదున్నట్టు కాగితం మీద ఎక్కించుకుని కుట్టినవారికి అది బొమ్మ తలకు సరిపోయి ఉంటుంది. ప్రతి నమూనా కింద 5 సెంటీమీటర్లు అని గుర్తు పెట్టిన గీత ఒకటి గీసి, కుట్టుకు వదలాల్సిన అంచు ఆ కొలతలో కలిసి ఉందో లేదో పక్కనే రాస్తే, పాఠకులు స్కేలు పెట్టి కొలుచుకుని సరిగ్గా పెంచుకోగలుగుతారు.

భవదీయురాలు,
ఒక కుట్టుపని ఉపాధ్యాయిని