లాక్ నట్టు మీద ఉలి దెబ్బలు ఇంకెన్నాళ్ళు?

సంపాదకులకు నమస్కారం.

గుంటూరు యార్డుకు కొత్త మిర్చి వచ్చే నెలల్లో చుట్టుపక్కల కారం మిల్లులు రాత్రింబవళ్ళు ఆడుతుంటాయి. గత సీజన్లో అటువంటి ఒక మిల్లులో పల్వరైజర్ (మిర్చిని పొడిచేసే యంత్రం) షాఫ్టు బేరింగు మాడిపోతే చూడమని నన్ను పిలిచారు. బేరింగు మంచిదే, గ్రీజూ సరిపడా ఉంది. కానీ బేరింగును బిగించే లాక్ నట్టు వదులై, బేరింగుకూ షాఫ్టుకూ నడుమ ఉండే గొట్టంలాంటి స్లీవు షాఫ్టు మీద జారి తిరిగి, షాఫ్టును చారలు పడేలా అరగదీసింది. నట్టు వదులు కాకుండా దాని గాడిలోకి వంచవలసిన వాషరు పళ్ళలో ఒక్కటీ గాడిలో లేదు. పాత వాషరునే మళ్ళీ వేశామనీ, వంచుతుంటే పన్ను విరిగితే అలాగే వదిలేశామనీ అక్కడి కుర్రవాడు ఒప్పుకున్నాడు.

ఏటవాలు స్లీవుతో కూర్చే బేరింగులో నట్టు అంటే బేరింగును ఊడకుండా పట్టే బిరడా మాత్రమే అనుకోవడం పొరపాటు. బేరింగు స్లీవు మీదికి ఎంత ఎక్కాలో తేల్చేది అదే. బిగువు చాలకపోతే స్లీవు షాఫ్టును పట్టదు, మితిమీరితే లోపలి రింగు విచ్చుకుని, లోపల ఉండవలసిన కాస్త ఖాళీ కూడా పోయి, బేరింగు వేడెక్కుతుంది. 45 మి.మీ. షాఫ్టుకు వేసే 50 మి.మీ. బేరింగుకు కేఎం 10 అనే సైజు లాక్ నట్టు వస్తుంది. దాని మర పిచ్, అంటే ఒక పూర్తి చుట్టుకు నట్టు జరిగే దూరం, 1.5 మి.మీ. నట్టుకు 4 గాడులు పెట్టి, వాషరుకు బేసి సంఖ్యలో పళ్ళు పెట్టడంలో ఒక లెక్క ఉంది. 13 పళ్ళ వాషరైతే, నట్టు సుమారు 7 డిగ్రీలు తిరిగిన ప్రతిసారీ ఏదో ఒక పన్ను ఏదో ఒక గాడికి ఎదురుగా వస్తుంది, ఆ 7 డిగ్రీలకు నట్టు జరిగేది 0.03 మి.మీ. మాత్రమే. కనుక పన్ను కలవలేదని నట్టును వెనక్కి తిప్పడం తప్పు. ఆ కాస్తా ముందుకే బిగించాలి.

ఇక ఉలి సంగతి. నట్టు గాడిలో కొంకి తగిలించి తిప్పే కొంకి స్పానరుతో చేయవలసిన పనిని ఉలి, సుత్తి పెట్టి చేస్తే గాడి అంచులు చితికిపోతాయి, ఇనుప రజను బేరింగులో పడుతుంది, ఎంత బిగిసిందో చేతికి తెలియదు. సుత్తి చప్పుడు వినిపిస్తే పని జోరుగా సాగుతోందని యజమాని మురిసిపోవడం నేను చాలాచోట్ల చూశాను.

విజయవాడ ఆటోనగర్‌లోనూ గుంటూరులోనూ బేరింగులు అమ్మేవారు, స్లీవు బేరింగు అడిగిన ప్రతివారికీ కొత్త వాషరు కావాలా అని ఒక్కమాట గుర్తుచేయాలని నా మనవి. ఐటీఐలలో ఫిట్టర్ విద్యార్థుల చేత ఈ నట్టును స్పానరుతో కనీసం పదిసార్లు బిగించి విప్పించాలి. మిల్లు యజమానులు కూడా సీజన్‌కు ముందు ఒక పూట యంత్రం ఆపి, ప్రతి నట్టు గాడిలోనూ వాషరు పన్ను వంగి కూర్చుందో లేదో చూపించుకోవాలి.

- ఒక విశ్రాంత మిల్లు ఫిట్టర్, గుంటూరు