కమిషనర్ గారూ, ఒక్కసారి మా అమ్మతో నడవండి

గౌరవనీయులైన మున్సిపల్ కమిషనర్ గారికి,

నమస్కారం. ఇది మీకు నేను రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ ‘పరిశీలనలో ఉన్నాయి’ అన్నారు మీ ఆఫీసులో. కాగితాలను అంత శ్రద్ధగా పరిశీలించేవారు రోడ్డును కూడా ఒకసారి చూస్తారేమోనన్న ఆశతో ఇది పదిమందీ చదివేలా రాస్తున్నాను.

మన ఊళ్లో చెట్లు కొట్టేసి, రోడ్డు వెడల్పు చేసిన సుందరీకరణ పథకం గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? నా బాధంతా మెయిన్ రోడ్డుకు వేసిన ఫుట్‌పాత్ గురించే. మా అమ్మకు 72 ఏళ్లు. ఆసుపత్రి ఇంటికి అర కిలోమీటరు కూడా ఉండదు. మట్టి బాట ఉన్న రోజుల్లో చెట్ల నీడన మెల్లగా నడిచి వెళ్లొచ్చేది. పాదచారుల కోసమని మీరు ఫుట్‌పాత్ కట్టించాక ఆటో ఎక్కుతోంది.

దాని ఎత్తు 18 అంగుళాలు. టేపు పెట్టి కొలిచాను. 6 అంగుళాలు దాటితే ముసలివాళ్లు ఎక్కలేరని మీ ఇంజనీర్లకు తెలియదనుకోను. అమ్మ కరెంటు స్తంభం పట్టుకుని, కుడికాలు పైకి వేసి, మోకాలి మీద చెయ్యి ఆన్చి ‘అమ్మయ్య’ అంటూ లేస్తుంది. ఇరవై అడుగులు వేసేసరికి ఎవరి గేటు కోసమో తెగ్గొట్టి ఉంటుంది. దిగాలి, మళ్లీ ఎక్కాలి. తర్వాత ట్రాన్స్‌ఫార్మర్. అది దాటితే కాలువ మీద పలక ఉండదు. ఆపైన వరసగా బైకులు. ఇవన్నీ గడిచి వస్తే పథకం శిలాఫలకం, సరిగ్గా దారి మధ్యలో! అందులో పేర్లు చాలా స్పష్టంగా ఉన్నాయండీ. తీరిగ్గా చదువుకోవచ్చు, ఎలాగూ ముందుకు వెళ్లలేం. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా దాటాలంటే 1.8 మీటర్లు కావాలి. అక్కడ మనిషి పక్కకు తిరిగినా పట్టడు.

సరే, రోడ్డు మీదికే దిగుదామా? వెడల్పు చేశాక బండ్లు దూసుకొస్తున్నాయి. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. అవతలికి దాటడానికి సిగ్నల్ ఇచ్చేది 10 సెకన్లు. రోడ్డు 12 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచేవాళ్లకు అది సరిపోతుంది. అమ్మ అప్పటికి సగం దూరమే వస్తుంది, హారన్లు మొదలవుతాయి. కొట్టేసిన చెట్ల బదులు డివైడర్‌లో ఈత జాతి అలంకార మొక్కలు నాటారు. వాటి నీడ వాటికే చాలదు.

‘ఇవన్నీ పెద్ద నగరాల ముచ్చట్లు సార్, మనది చిన్న ఊరు’ అన్నారు మీ ఇంజనీరు గారు. స్పెయిన్‌లో పొంటెవెద్రా కూడా మహానగరమేమీ కాదు, జనాభా 80 వేల పైచిలుకు. 1999 నుంచి నడిబొడ్డున కార్లను తగ్గించుకుంటూ వీధులను నడిచేవాళ్లకు వదిలేశారు. నిజానికి చిన్న ఊళ్లోనే ఇది సులువు, అన్నీ నడిచే దూరంలోనే ఉంటాయి కదా. ఆ నడకను మనమే చెడగొట్టుకుని, పార్కింగ్ చాలడం లేదని మళ్లీ మనమే టెన్షన్ పడుతున్నాం.

ఎత్తు తగ్గించండి. పలకలు వేయించండి. సిగ్నల్ టైము పెంచండి. నీడనిచ్చే చెట్లు నాటండి. ఇవన్నీ నాలుగు ఉత్తరాల్లోనూ రాశాను, విసుగ్గా ఉంటే క్షమించండి. కనీసం ఆ శిలాఫలకాన్ని రెండు గజాలు పక్కకు జరిపించండి, దానికి టెండరు కూడా అక్కర్లేదు.

వచ్చే సోమవారం అమ్మకు చెకప్ ఉంది. ఉదయం 9 గంటలకు బయల్దేరతాం. మీరు వస్తానంటే ఆ రోజు ఆటో పిలవను.

ఇట్లు,
ఏటా ఆస్తి పన్ను గడువులోపే కట్టే ఒక పౌరుడు