తెలుగు బోధన నేర్పే గురువు లేని శిక్షణ కళాశాల: విద్యాశాఖ మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారం. ఉపాధ్యాయ శిక్షణ, భాషా బోధనలే పునాదిగా ఎదిగిన ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం గురించి తమకు విన్నవించుకుంటున్నాను. దాని పేరు తమకు విడిగా పంపుతున్న అర్జీలో ఉంది. నేను పండిత శిక్షణ పొందింది అక్కడే. ఆ చదువుతోనే గుంటూరు చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను.

అక్కడి బి.ఇడి. కళాశాలలో తెలుగు మెథడ్, అంటే తెలుగును బోధించే పద్ధతి, చెప్పే పోస్టు మూడేళ్లుగా ఖాళీగా ఉంది. మధ్యలో ఒక గెస్టు ఫ్యాకల్టీని పెట్టారు గాని, నెలల తరబడి జీతం అందక ఆయన మానుకున్నారు. ఇప్పుడు సాంఘికశాస్త్రం మెథడ్ చెప్పే మేడమ్ గారే తెలుగు లెసన్ ప్లాన్ల మీదా సంతకాలు పెడుతున్నారు. తన పని తాను చేసుకుంటూ ఈ బరువూ మోస్తున్న ఆమెను నేను తప్పుపట్టను.

కిందటి నెలలో ఆ కళాశాల విద్యార్థిని ఒకామె మా పేటలోని బడికి టీచింగ్ ప్రాక్టీసుకు వచ్చింది. పద్యం చక్కగా రాగయుక్తంగా చదివింది. ఒక పిల్లవాడు లేచి, రెండో పాదం నడక మొదటి పాదంలా లేదేమండీ అని అడిగాడు. అది ఆటవెలది. మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉంటాయి. రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. ఆ తేడాను చెవితో పట్టుకున్న పిల్లవాడికి చప్పట్లు కొట్టించి, నల్లబల్ల మీద గురులఘువులు వేయించి ఉంటే, ఛందస్సు పాఠం అక్కడే మొదలై ఉండేది. ఆ అమ్మాయి మాత్రం సుద్దముక్క చేతిలో పట్టుకుని, "కూర్చో నాన్నా, తర్వాత చెబుతాను" అంది. సాయంత్రం ఆ అమ్మాయి మా అరుగు మీద కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకుంది. గణాలు ఆమెకు వచ్చు. వాటిని ఏడో తరగతి పిల్లలకు ఎలా అందించాలో చెప్పినవారే లేరు.

ఆనాటి నుంచి మరో నలుగురైదుగురు కూడా రికార్డులు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. ఓపిక ఉన్నంతవరకు చెబుతాను. కానీ విశ్వవిద్యాలయం చేయవలసిన పని ఒక ముసలి పండితుడి అరుగు మీద జరగడం ధర్మమా అని తమనే అడుగుతున్నాను.

2014 నాటి ఎన్.సి.టి.ఇ. (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) నిబంధనలు తమకు తెలియనివి కావు. రెండేళ్లూ కలిపి 200 మంది ఉన్న కళాశాలకు 16 మంది పూర్తికాల అధ్యాపకులు ఉండాలి. ఇంటర్న్‌షిప్పే 20 వారాలు. అన్ని వారాలు ఆ పిల్లలు బడుల్లో తెలుగు చెబుతుంటే, వెనక బెంచీలో కూర్చుని విని, ఇక్కడ తప్పింది, ఇలా దిద్దుకో అని చెప్పే తెలుగు మనిషి ఒక్కరూ లేరు. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించినప్పుడు ఎంతో సంతోషించిన వాణ్ణి నేను. బడికి పంతుళ్లను ఇస్తున్న ప్రభుత్వం ఆ పంతుళ్లను తయారుచేసే చోట ఒక్క పోస్టు నింపలేదా?

విశ్వవిద్యాలయ అధికారులకు మూడు అర్జీలు ఇచ్చాను. మొదటిదానికి "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. తక్కిన రెండింటికి అదీ రాలేదు. ఆ పోస్టు నింపించండి. రెగ్యులర్ నియామకానికి సమయం పడుతుందంటే, కనీసం నెలనెలా జీతం అందేలా ఒక అర్హుణ్ణి ఈ సెమిస్టర్‌కే వేయించండి. చేతులు జోడించి అడుగుతున్నాను, వచ్చే ఇంటర్న్‌షిప్ మొదలయ్యేలోగా ఆ పోస్టు నింపించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు పండితుడు,
గుంటూరు