పోయిన నెల చెప్పినదానికి ఈ నెల జవాబు చెప్పించండి: హోం మంత్రి గారికి తిరుపతి నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతిలో ఇంటి ముందు గదిలో కుట్టుమిషన్ వేసుకుని బతుకుతున్న మనిషిని నేను. 22 ఏళ్లుగా ఒకటే వీధి. పోలీసులూ జనమూ కలిసి కూర్చుని వీధి భద్రత గురించి మాట్లాడుకునే సమావేశాలు మా దగ్గర ఇప్పటికి మూడు జరిగినాయి. మొదటిదానికి బాడుగకు తెచ్చిన 60 కుర్చీలు చాలక ఆడవాళ్లు అరుగుల మీద కూర్చున్నారు. రెండోదానికి 30 మంది దాకా వచ్చారు. మూడోదానికి నాతో కలిపి ఏడుగురం.

"ఇంత చేసినా జనం రారమ్మా, వాళ్లకు పట్టదు" అన్నారు ఆ రోజు వచ్చిన అధికారి. ఆయన మీద నాకు కోపం లేదు. కానీ ఆ మాట నిజం కాదు. ఇల్లిల్లూ తిరిగి పిలిచింది నేనే కాబట్టి ఎవరు ఎందుకు రాలేదో నాకు తెలుసు. అది మీకు చెప్పాలనే ఈ ఉత్తరం. మా వీధి పేరు, స్టేషన్ పేరు రాయడం లేదు. రాస్తే నోరు విప్పి మాట్లాడినవాళ్లు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. అట్లా తెలిసిపోవడం వల్లనే మా సమావేశాలు పాడైనాయి. ఎట్లాగో కింద రాస్తాను.

అసలు ఇదంతా ఒక తెల్లవారుజామున మొదలైంది. మా వీధిలో ఒకామె కల్లాపి చల్లి ముగ్గు వేస్తోంది. బండి మీద వచ్చిన ఇద్దరు ఆమె మెడలో సరుడు లాగినారు. సరుడు తెగలేదు, ఆమె మాత్రం గడప మీద పడి నొసలు పగిలింది. అప్పుడే రాత్రి డ్యూటీ దిగి వస్తున్న ఒడిశా అబ్బాయి, మేడ మీద గదిలో అద్దెకుండే హోటల్ పనివాడు, ఆమెను ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయినాడు. ఆ సాయంత్రం నా గది ముందు ఇరవై మంది ఆడవాళ్లు నిలబడి మాట్లాడుకున్నాం. ఇన్నేళ్లలో పెళ్లికీ చావుకూ తప్ప మేమంతా ఒకచోట నిలబడింది ఆ రోజే. పోలీసులను పిలిచి మాట్లాడదాం అన్నది ఆ నిలబడ్డవాళ్లే.

మొదటి సమావేశం బాగా జరిగిందనే చెప్పాలి. అధికారి గంటన్నర ఆలస్యంగా వచ్చారు. పైన కొండకు ఎవరో పెద్దవాళ్లు వస్తే కింద బందోబస్తులో నిలబడి, అటునుంచి అటే వచ్చారంట. తిరుపతి పోలీసుల బతుకు మాకు తెలియనిది కాదు. బ్రహ్మోత్సవాలు, వైకుంఠ ఏకాదశి, గంగజాతర, వీఐపీల రాకపోకలు. ఏడాదిలో ఎన్ని రోజులు వాళ్లకు సొంతంగా మిగులుతాయో నాకు అనుమానమే. ఆ రోజు చాలా విషయాలు తెలిసినాయి. సైబర్ మోసంలో డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలని చెప్పారు. ఊరికి పోయేటప్పుడు అడిగితే తాళం వేసిన ఇంట్లో పోలీసులే ఉచితంగా కెమెరా పెట్టి చూసే ఎల్‌హెచ్‌ఎంఎస్ సదుపాయం ఉందని మాలో ముక్కాలు మందికి ఆ రోజే తెలిసింది.

తర్వాత జనం చెప్పుకున్నారు. నేను ఒక బైండు పుస్తకంలో రాసుకున్నాను. మొత్తం 11 సంగతులు. మూల మీద వీధిదీపం వెలగదు. మూత లేని కాలువలో ఇద్దరు పడ్డారు. ఖాళీ ప్లాటులో కంపచెట్లు మనిషెత్తు పెరిగినాయి, సొంతదారు వేరే ఊళ్లో ఉంటాడు, చీకటి పడితే అక్కడ సీసాలు, తర్వాత గంజాయి. ఇట్లాంటివి. "దీపం మా శాఖది కాదమ్మా" అన్నారు అధికారి. నిజమే. మరుసటి వారం నేనూ ఇంకో ఇద్దరూ దీపం సంగతి చూసేవాళ్ల దగ్గరికి పోతే, స్తంభం ఇంకొకరిది అన్నారు. స్తంభం వాళ్లు మళ్లీ మొదటివాళ్ల దగ్గరికి పంపినారు. రెండు నెలల తర్వాత మా వీధి ఎలక్ట్రీషియన్ తన డబ్బుతో బల్బు వేసినాడు.

మంత్రి గారూ, మీకు ముఖ్యంగా చెప్పాల్సింది రెండో సమావేశం సంగతి.

మా వీధి చివర కూరగాయలు అమ్మే అక్క ఒకామె ఉంది. గట్టి మనిషి. అందరూ చూస్తుండగా లేచి, ఏ ప్లాటులో, ఏ వేళకు, ఎట్లాంటి బండ్ల మీద వస్తారో చెప్పింది. అధికారి మెచ్చుకున్నారు. ఎవరో సెల్‌ఫోన్‌లో వీడియో తీసినారు. రెండు రోజుల తర్వాత రాత్రి తొమ్మిదికి ఆమె బండి దగ్గరికి నలుగురు పిల్లోళ్లు వచ్చి, "ఏందక్కా, మీటింగులో మా గురించి చెప్పినావంట గదా" అన్నారు. ఇంకేమీ అనలేదు. రెండు టమాటాలు తీసుకుని, డబ్బులిచ్చి పోయినారు. వాళ్లు కొట్టి ఉంటే కేసు పెట్టేవాళ్లం. డబ్బులిచ్చి పోయినవాళ్ల మీద ఏం రాయాలి? ఆమె ఆ రాత్రే బండిని వేరే సందులోకి మార్చుకుంది. ఆమె కొడుకు ఇంటర్ చదువుతున్నాడు, ఆ ప్లాటు పక్కగానే కాలేజీకి నడిచి పోతాడు.

మూడో సమావేశానికి పిలవడానికి పోతే ప్రతి ఇంట్లోనూ ఆ టమాటాల సంగతే. "మాకెందుకు మా, పిల్లలు గలవాళ్లం" అన్నారు. ఇంతమంది చెవులు ఉన్నచోట గంజాయి గురించి మాట్లాడించడమే తప్పు. ఆ తప్పులో నా వంతూ ఉంది. ఎవరికైనా ఏమైనా తెలిస్తే చెప్పండి అని మైకులో అడిగింది నేను. ఆ అక్క నా మాట మీదే లేచింది.

మత్తుమందుల మీద సమాచారానికి ఈగల్ దళం 1972 నంబరు ఉందని మాకు తెలుసు. పేరు బయటికి రాదని అంటారు. కానీ ముఖం తెలియని నంబరుకు చెప్పాలంటే మా ఆడవాళ్లకు చెయ్యి రాదు. మా వార్డు సచివాలయంలో మహిళా పోలీసుగా పనిచేసే అమ్మాయి రెండు మధ్యాహ్నాలు నా కుట్టుగదిలో ఊరికే కూర్చుంది. యూనిఫాం వేసుకోలేదు, కాగితం తీయలేదు. జాకెట్ కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు, ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరూ తలుపు దగ్గరగా వేసి ఆమెతో మాట్లాడినారు. ఒకామె ఇంట్లో మొగుడి దెబ్బల గురించి చెప్పింది. ఇంకొకామె, కూతురి వెంట రోజూ బస్టాండు దాకా వచ్చే అతని గురించి. ప్లాటు గురించి ముగ్గురు. మూడు సమావేశాల్లో రానిది ఆ రెండు మధ్యాహ్నాల్లో వచ్చింది. తర్వాత ఆమెకు వేరే సర్వేలు, వేరే పనులు అప్పజెప్పినారు. మళ్లీ రాలేకపోయింది. సచివాలయాలు 2019లో పెట్టినప్పుడు ప్రతి వార్డుకూ ఇట్లాంటి ఒక అమ్మాయిని ఇచ్చినారు. ఆ అమ్మాయి నెలలో నాలుగు మధ్యాహ్నాలు కుట్టుగదుల్లో, అంగన్‌వాడీల్లో, నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చోవడాన్నే డ్యూటీగా రాయించండి.

రాని కారణాలు ఇంకా ఉన్నాయి. మూడు సమావేశాలూ సాయంత్రం ఆరున్నరకే పెట్టారు. ఆ వేళకు ఆడవాళ్లు పొయ్యి దగ్గర, హోటల్ పిల్లోళ్లు రెండో షిఫ్టులో, కొండకు టాక్సీలు తోలే అన్నలు దారిలో ఉంటారు. పూలు కట్టేవాళ్లు మరుసటి తెల్లవారి మూడింటికి లేవాలి. తిరుపతి నిద్రపోయే వేళలు వేరే ఊళ్ల మాదిరి ఉండవు. మా వీధికి నేను అడిగి చూస్తే ఆదివారం నాలుగు గంటలకు ఎక్కువమందికి కుదురుతుందని తేలింది.

అద్దెకుండేవాళ్ల సంగతి వేరే చెప్పాలి. మా వీధిలో సగానికి పైగా అద్దె గదులే. కాలేజీల్లో చదివేవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, లాడ్జీల్లో, హోటళ్లలో పనికి వచ్చినవాళ్లు. వాళ్లను పిలిస్తే, ఆరు నెలలకు పోయేవాళ్లం, మాకేముంది అంటారు. పిలవకుండా సమావేశం పెడితే సొంతిళ్లవాళ్ల మాటలు వాళ్ల మీదకే పోతాయి. రెండో సమావేశంలో ఒక పెద్దాయన లేచి, హిందీ మాట్లాడేవాళ్లకు గదులివ్వడం ఆపితే సగం దొంగతనాలు తగ్గుతాయి అన్నారు. కొందరు చప్పట్లు కొట్టినారు. నొసలు పగిలినామె ముందు వరుసలోనే కూర్చుని ఉంది. ఆమె తల దించుకుంది, నాకు ఏడుపు వచ్చింది. ఆ ఒడిశా అబ్బాయి గేటు దగ్గర నిలబడి వింటున్నాడు. తెలుగు వాడికి కొద్దిగా అర్థమవుతుంది. మూడోదానికి వాడు రాలేదు, వాడి గదిలోవాళ్లూ రాలేదు. అద్దెవాళ్ల వివరాలు స్టేషన్‌లో ఉండాలంటే ఉండనివ్వండి. అందరి ముందూ ఒక ఊరివాళ్లను, ఒక భాషవాళ్లను దొంగలనే మాట వస్తే వేదిక మీద ఉన్న అధికారి అక్కడే ఆపాలి. మా అధికారి ఆపలేదు, వాచీ చూసుకున్నారు.

డబ్బు సంగతి కూడా ఉంది. షాపులు, ఫంక్షన్ హాళ్లలాగా జనం గుమికూడేచోట్ల కెమెరాలు ఉండాలని 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం చేశారు. మామూలు వీధికి ఎవరు పెడతారు? ఇంటికి 1,500 వేసుకుందాం అనుకున్నాం. 11 ఇళ్లు ఇచ్చినాయి. నాలుగు కెమెరాలు వచ్చినాయి. రికార్డు పెట్టె పెట్టుకున్నాయన ఇల్లు మారినాక కరెంటు బిల్లు ఎవరిదని గొడవైంది. ఇప్పుడు కెమెరాలు ఉన్నాయి, పెట్టె అట్టడబ్బాలో ఉంది. రూపాయి రూపాయికీ లెక్క నా పుస్తకంలో ఉన్నా, తినేసిందని నన్ను అన్నవాళ్లు ఉన్నారు.

ఇంకొకటి: వేదిక మీద ఏ పార్టీ మనిషి కూర్చున్నా, రెండో పార్టీ ఇళ్లవాళ్లు రారు. ఇది మీకు నేను విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఫ్లెక్సీ లేకుండా, శాలువాలు లేకుండా సమావేశం పెట్టమని ఒక ఉత్తర్వు ఇస్తే మాకు సగం భారం తగ్గుతుంది.

ఇవన్నీ మాకే కొత్త కష్టాలు కావు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో పోలీసులూ జనమూ కలిసి పనిచేయాలని మైత్రి అనే పథకం పెట్టారు. మా నాన్న వయసువాళ్లు ఆ కమిటీల గురించి ఇంకా చెప్తారు. పక్కనే తమిళనాడులో ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్ 1993లో రామనాథపురంలో మొదలైంది. కేరళలో 2008లో జనమైత్రి తెచ్చినప్పుడు, ఒక బీటు పోలీసుకు ఇన్ని ఇళ్లు అని పంచి, ఆ ఇళ్లకు అతను నడిచి పోవాలన్నారు. నాకు ఆ ఒక్కటి నచ్చింది. జనం సమావేశానికి రావడం కంటే ముందు పోలీసు ఇంటికి వస్తాడు. కూరగాయల అక్క ఇంటికి అట్లా ఎవరైనా ముందే వచ్చి ఉంటే ఆమె మైకు ముందు లేచేదే కాదు.

పల్లెల్లో గ్రామసభ అని ఒకటి ఉంది. జరిగినా జరగకపోయినా అడిగే హక్కు ఉంది. పట్నంలో మాకు అట్లాంటిది చేతికి అందదు. 3 లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పట్నాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగం 243ఎస్ చెప్తుందని మా వీధి లెక్చరరు గారు చదివి వినిపించారు. 2011 జనాభా లెక్కల్లో మా కార్పొరేషన్ దాదాపు 2 లక్షల 87 వేలు, ఆ 3 లక్షలకు కొంచెం తక్కువ. ఆ లెక్కలో రోజూ వచ్చిపోయే భక్తులు లేరు. వాళ్లు నడిచేది మా వీధుల్లోనే. 2025 జనవరి 8 రాత్రి వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చినవాళ్లలో ఆరుగురు తొక్కిసలాటలో పోయినారు. ఆ వారం మా మిషన్ల దగ్గర ఇంకో మాట లేదు. గుమికూడుతున్న జనాన్ని మొదట కళ్లతో చూసేది ఆ వీధులవాళ్లే. ఆ చూసినది ఎవరికి చెప్పాలో, చెప్తే వినే మనిషి ఎవరో ముందే తెలిసి ఉండే ఏర్పాటు ప్రతి వార్డులోనూ ఉండాలని నా కోరిక.

మంత్రి గారూ, నేను మిమ్మల్ని పెద్ద పథకం అడగడం లేదు. ప్రతి స్టేషన్ పరిధిలో నెలకు ఒక తేదీ పెట్టించండి. బందోబస్తు వల్ల కుదరకపోతే రెండు రోజుల ముందు చెప్పించండి, అర్థం చేసుకుంటాం. దీపాలవాళ్లు, కాలువలవాళ్లు ఒక్కొక్కరు పక్కన కూర్చునేట్టు చూడండి. అన్నిటికన్నా ముందు, సమావేశం మొదలుపెట్టగానే పోయిన నెల రాసుకున్నవి చదివి, ఏది అయింది, ఏది కాలేదు, ఎందుకు కాలేదు అని చెప్పించండి. "కాలేదమ్మా, ఇందుకు కాలేదు" అంటే కూడా జనం మళ్లీ వస్తారు. మూడు సమావేశాల్లో ఒక్కసారి కూడా ఆ పుస్తకం తెరవమని నన్ను ఎవరూ అడగలేదు.

వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు మా వీధిలో మళ్లీ కూర్చుంటున్నాం. ఈసారి కుర్చీలు బాడుగకు తేవడం లేదు, ఎవరి ఇంటి నుంచి వాళ్లు తెచ్చుకుంటారు. పుస్తకంలో 11 సంగతుల్లో మూడు అయినాయి, అందులో ఒకటి ఎలక్ట్రీషియన్ వేసిన బల్బు. మిగిలిన ఎనిమిదింటి గురించి మాట్లాడగలిగినవాళ్లను పంపండి. దానికి ముందే ఒకరోజు, యూనిఫాం లేకుండా, వీలైతే ఆడమనిషినే, కూరగాయల అక్క దగ్గరికి పంపండి. ఆమె ఇప్పుడు ఏ సందులో బండి పెడుతోందో ఈ ఉత్తరంలో రాయలేను. వచ్చిన మనిషిని నేను వెంట తీసుకుపోతాను.

ఇట్లు,
తిరుపతిలో ఒక కుట్టుపని మనిషి