వార్షిక నివేదిక: పొగ అలవాటు, కాలేజీ చదువు – అనంతపురంలో ఈ ఏటి మన పని

సభ్యులందరికీ నమస్కారం.

సంఘం ఆశయాలు మళ్లీ రాయడం లేదు, సభ్యత్వ పుస్తకం మొదటి పేజీలోనే ఉన్నాయి. చలివేంద్రం, రక్తదానం ఎప్పటిలాగే జరిగాయి. వాటికి తోడు ఈ ఏడు కార్యవర్గం నెత్తికెత్తుకున్న పని ఒకటే. కాలేజీ పిల్లల సిగరెట్టుకూ వాళ్ల చదువుకూ ఏపాటి సంబంధం ఉందో చూడటం, చూశాక చేతనైనది చేయడం.

"ఎంతమంది తాగుతున్నారు, ఎన్ని మార్కులు పోతున్నాయి, శాతాలు చెప్పండి" అని పోయిన సభలో అడిగారు. ఈ నివేదికలో శాతాలు లేవు. ఎందుకు లేవో చెప్పాలి. మొదటి విడత ప్రశ్నల ఫారాలు తరగతి గదిలో, లెక్చరర్ ఎదురుగా పంచి, వరుసల వారీగా వెనక్కి తీసుకున్నాం. అందరూ "లేదు" అని టిక్కు పెట్టారు. అరగంట తర్వాత చూస్తే గేటు బయట టీ, సిగరెట్టు బంకు దగ్గర పొగ మామూలుగానే లేస్తోంది. ఆ కట్టలన్నీ చిత్తుకాగితాలకు వేసేశాం.

రెండో విడతలో పద్ధతి మార్చాం. రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ మెస్సులో తాళం వేసిన పెట్టె పెట్టాం. పేరు వద్దు, హాల్ టికెట్ నంబరు వద్దు. తర్వాతి సెమిస్టర్ ఫారంతో జతచేసుకోవడానికి మాత్రం ఎవరి గుర్తు వాళ్లే రాసుకునేలా చేశాం: అమ్మ పేరులో చివరి అక్షరం, పుట్టిన తేదీ, తోబుట్టువుల సంఖ్య. "పొగ తాగుతారా?" అనే ప్రశ్న తీసేశాం. స్నేహితులతో అప్పుడప్పుడు ఒకటి తాగేవాడు తనను తాగేవాళ్లలో లెక్కేసుకోడు. దాని బదులు "గత 30 రోజుల్లో ఎన్ని రోజులు?" అని అడిగాం. బీడీ, సిగరెట్టు, హుక్కా వేర్వేరుగా అడిగాం. "నిద్ర లేచాక మొదటిది ఎంతసేపటికి?" అన్నది అన్నిటికన్నా పనికొచ్చిన ప్రశ్న. అరగంటలోపే అంటే అలవాటు గట్టిగా పట్టిందన్నమాట. చదువు విషయంలో మార్కులు అడగలేదు. అడిగితే అందరూ పైకి సవరించి రాస్తారు. బ్యాక్‌లాగులు (తప్పి మిగిలిపోయిన సబ్జెక్టులు) ఎన్ని, హాజరు 75 శాతం దాటిందా, లేక 65కూ 75కూ మధ్య నిలిచి కండోనేషన్ ఫీజు (తగ్గిన హాజరును మన్నించడానికి కట్టేది) కట్టాల్సి వచ్చిందా అని అడిగాం. జేఎన్‌టీయూ పరిధిలో చదివే పిల్లలకు ఈ లెక్క నోటికి వచ్చు, తప్పు రాయరు.

ఇంత చేసినా పెట్టెలో పడినవి మెస్సులో తిన్నవాళ్ల ఫారాలే. ఊళ్లో రూములు తీసుకుని ఉండేవాళ్లు, పల్లెల నుంచి బస్సుల్లో వచ్చిపోయేవాళ్లు ఇందులో లేరు. అలాంటి లెక్కను శాతంగా అచ్చువేస్తే రేపు ఎవరో దాన్ని సభలో చదువుతారు. ఆ పని వద్దనుకున్నాం.

చెప్పగలిగింది ఇది. తాగేవాళ్లలో సగటున మార్కులు తక్కువ, గైర్హాజరు ఎక్కువ అని చాలా దేశాల పరిశోధనలు చూపించాయి. అయితే సిగరెట్టు వల్లే మార్కులు పోయాయని దానర్థం కాదు. సబ్జెక్టు తప్పాక ఆ దిగులులో మొదలుపెట్టినవాళ్లూ ఉంటారు. మద్యం, రాత్రి జాగారం, ఇంట్లో డబ్బు కటకట, ఇవి అలవాటునూ తెస్తాయి, చదువునూ దెబ్బతీస్తాయి. మన మొదటి కరపత్రంలో "సిగరెట్టు మానితే ఫస్ట్ క్లాస్" అని ఉండింది. అది తప్పు. ఆ కరపత్రాలు ఆపి కొత్తవి అచ్చు వేయించాం.

కొత్త కరపత్రంలో రాసింది ఇదీ. పొగ పీల్చిన 10–20 సెకన్లలో పొగాకులోని నికోటిన్, అంటే అలవాటు పట్టించే పదార్థం, మెదడుకు చేరుతుంది. రక్తంలో సుమారు రెండు గంటల్లో సగానికి తగ్గుతుంది. పరీక్ష మూడు గంటలు. అలవాటు గట్టిగా ఉన్నవాడికి రెండో సగంలో మనసు కాగితం మీద నిలవదు. "సిగరెట్టు తాగితేనే చదువు తలకెక్కుతుంది" అని పిల్లలు అనేది ఉత్త అబద్ధమేమీ కాదు. తాగగానే కుదురు వస్తుంది. కానీ ఆ కుదురును ముందు పోగొట్టింది కూడా సిగరెట్టే. రాత్రి పడుకోబోయే ముందు తాగితే నిద్ర ఆలస్యమవుతుంది, మధ్యలో తెగుతుంది, పొద్దున మొదటి గంట క్లాసు పోతుంది. ఇక కాలం సంగతి: బంకుకు పోయి రావడానికి పది నిమిషాలు, రోజుకు ఆరు సార్లైతే ఒక గంట. డబ్బు చూస్తే ఒక్కోటి పది రూపాయలే అనుకున్నా రోజుకు ఐదు, నెలకు 1,500.

ఇప్పుడు ఈ ఏడు మనం తలెత్తుకుని చెప్పుకోగల పని, పసుపు గీత. 2003 నాటి పొగాకు చట్టం 6వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థకు 100 గజాల లోపల పొగాకు అమ్మకూడదు. ఆ హద్దు కనిపించేలా రోడ్ల మీద గీసిందే ఈ గీత. మే 31 పొగాకు వ్యతిరేక దినం నాడే గీయాలని కొందరు పట్టుబట్టారు. ఆ వేళకు చాలా కాలేజీల్లో పిల్లలుండరు, ఎండకు రోడ్డు మీద తారు కరుగుతుంటుంది. తరగతులు మొదలయ్యాకే గీశాం.

కొలతలో మొదట పొరపాటు చేశాం. గేటు దగ్గర మొదలుపెట్టి రోడ్డు వెంబడి టేపు లాగాం. నిబంధన ప్రకారం ప్రహరీ బయటి అంచు నుంచి, అన్ని దిక్కులకూ తిన్నగా కొలవాలి. వెనక గోడ పక్క సందులో ఉన్న రెండు అంగళ్లు అలా తప్పిపోయాయి. వంద గజాలంటే 300 అడుగులు, అంటే వంద అడుగుల టేపు మూడుసార్లు. మధ్యలో ఇళ్లు అడ్డమొచ్చిన చోట ఫోన్ మ్యాపులో దూరం కొలిచి సరిచూసుకున్నాం. మామూలు ఎనామిల్ నెల తిరక్కముందే పొట్టు లేస్తుంది, రోడ్డు మార్కింగ్ పెయింటే కొనాలి. ముందు ఇనుప బ్రష్షుతో మన్ను రాల్చి, ఊడ్చి, తడి లేకుండా చూసుకుని, రెండు పక్కలా టేపు అంటించి నాలుగు అంగుళాల వెడల్పున రెండు కోట్లు వేయాలి. 20 అడుగుల రోడ్లు నాలుగున్న కాలేజీకి సుమారు ఒక లీటరు పడుతుంది. పని తెల్లవారుజామున ఐదింటికే. మధ్యాహ్నం వేస్తే కింది తారు పైకొచ్చి పసుపు గోధుమరంగుకు తిరుగుతుంది. ఒక చోట అదే జరిగింది, మళ్లీ గీయాలి.

బంకులవాళ్లకు ముందే విడమరిచి చెప్పాం: బంకు తీయక్కర్లేదు, టీ, బన్ను అమ్ముకోవచ్చు, పొగాకు మాత్రం వద్దు. 200 రూపాయల జరిమానా అంటే నవ్వారు. 18 నిండని ఇంటర్ పిల్లలకు అమ్మితే 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా అని చెప్పాక విన్నారు. కాలేజీ లోపల పెట్టే "పొగ తాగరాదు" బోర్డులు కనీసం 60 సెంటీమీటర్ల వెడల్పు, 30 ఎత్తు ఉండాలి, ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ పేరు రాయాలి. ఫ్లెక్సీ మన ఎండకు వెలిసిపోతుంది, రేకు బోర్డులే వేయించాం. ఒకటి రెండు చోట్ల పేరు రాసే గడి ఖాళీగానే ఉంది. పేరు ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు.

మానాలనుకునేవారికి హాస్టల్లో వారానికో సాయంత్రం సలహాల బల్ల వేశాం. పరీక్షకు ముందురోజు మానొద్దని మొదటే చెబుతాం. చిరాకు, మనసు నిలవకపోవడం మొదటి మూడు రోజులు ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతాయి. కాబట్టి పరీక్షలకు కనీసం నెల ముందే మానాలి. మానిన రోజు నుంచి టీ, కాఫీ సగానికి తగ్గించాలి. పొగ వల్ల శరీరం కెఫీన్‌ను త్వరగా ఖర్చు చేస్తుంటుంది. పొగ ఆగితే అదే నాలుగు కప్పుల టీ గుండెదడ, నిద్రలేమి తెస్తుంది. పిల్లలేమో అది సిగరెట్టు మానడం వల్లనే అనుకుని మళ్లీ అంటిస్తారు. మానడానికి సాయంగా వాడే నికోటిన్ గమ్‌ను బబుల్‌గమ్ లాగా నమలకూడదు. చురుక్కుమనే దాకా నమిలి, చిగురుకూ బుగ్గకూ మధ్య ఆపి, చురుకు తగ్గాక మళ్లీ నమలాలి, మొత్తం అరగంట. గమ్ నోట్లో వేసుకునే ముందు పావుగంట టీ, జ్యూసు తాగకూడదు. 4 మిల్లీగ్రాములది డాక్టరు రాస్తేనే. 18 నిండనివారికి ఏదైనా డాక్టరును అడిగే ఇవ్వాలి. కోరిక కొన్ని నిమిషాలే ఉంటుంది, జేబులో వేయించిన చెనక్కాయలు ఉంటే ఆ కాసేపు గడిచిపోతుంది. ఉచిత ఫోన్ సలహాకు 1800-11-2356.

ఇక కటువుగా ఒక మాట. వాట్సాప్ గ్రూపులో "నేను వస్తా" అని బొటనవేలు చూపినవాళ్లలో తెల్లవారుజామున ఐదింటికి రోడ్డు మీద కనిపించింది నలుగురే. ఉగ్గాని, బజ్జీ తెప్పించిన తొమ్మిది గంటలకు మాత్రం మంది బాగానే చేరారు. సంబంధిత కార్యాలయానికి గీత లోపలి అంగళ్ల జాబితాతో మూడు ఉత్తరాలు ఇచ్చాం, మూడింటికీ రశీదు ముద్ర పడింది, అంతకుమించి ఏదీ రాలేదు.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి. వాటి కాపీ నోటీసు బోర్డు మీద ఉంది, కావలసినవారు చూసుకోవచ్చు.

మెస్సులో చోటిచ్చిన వార్డెన్లకు, సాయంత్రాలు వచ్చి కూర్చున్న డాక్టరుగారికి, కూలి తీసుకోకుండా బోర్డులు రాసిన పెయింటరన్నకు, గీత గీసేటప్పుడు బండ్లు అడ్డంపెట్టి రోడ్డు ఆపిన ఆటో డ్రైవర్లకు, వార్డు సచివాలయం సిబ్బందికి, కరపత్రాల అచ్చులో ధర తగ్గించిన ప్రెస్సువారికి, నీళ్ల క్యాన్లు పంపినవారికి, సిగరెట్టు పెట్టెలు తీసేసిన బంకులవాళ్లకు, మొదటి ఫారాల్లో తప్పు ఎక్కడుందో మొహమాటం లేకుండా చెప్పిన హాస్టల్ పిల్లలకు సంఘం తరఫున ధన్యవాదాలు. పేర్లు సభలో చదువుతాం, ఎవరివైనా మరిచిపోతే అక్కడే చెప్పండి.

వెలిసిన గీతను వచ్చే నెల మళ్లీ గీస్తున్నాం. వంద అడుగుల టేపులు రెండింటిలో ఒకటి ఇంకా వెనక్కి రాలేదు. తీసుకుపోయినవారు ఆలోగా ఆఫీసులో ఇవ్వగలరు.

– కార్యదర్శి