మంత్రి గారూ, డయాలసిస్ మంచం సరే, కాళ్లలో సత్తువ సంగతేంటి?

రాష్ట్ర ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది,

ఉద్దానం కిడ్నీ జబ్బు గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం నుంచి తాగునీళ్లు, నెలకు 10 వేల పింఛను, అన్నీ మీ ఫైళ్లలో ఉన్నవే. వాటిని కాదనడం లేదు. మేం అడిగింది వేరు. డయాలసిస్ సెంటర్‌కి, రోగులతో వ్యాయామం చేయించే ఫిజియోథెరపిస్టును ఒకరిని వేయమన్నాం. సోమవారం అర్జీల్లో ఇచ్చాం, ఊరికొచ్చిన ప్రతి అధికారికీ ఇచ్చాం. చివరికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో కూడా రాస్తే మేమూ సంతోషించేవాళ్లం.

మా బావ కొబ్బరికాయలు దింపే మనిషి. ఇప్పుడు బస్సులో కూర్చుంటే, లేవాలంటే ముందు సీటు కమ్మీ రెండు చేతులా పట్టుకోవాలి. తొడల్లో కండ లేదు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు మిషన్ పక్కన పడుకోవడం, ఇంటికొచ్చి నీరసంతో మళ్లీ పడుకోవడం. "బరువులెత్తకు, రెస్ట్ తీసుకో" అన్న మాట తప్ప ఇంకోటి ఎవరూ చెప్పలేదు. ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టిన చోటు) ఉన్న చేత్తో బరువులు వద్దంటే సరే, రెండో చెయ్యి, రెండు కాళ్లు ఏం పాపం చేశాయండీ? ఫిస్టులా వేసినప్పుడు రబ్బరు బంతి కొనుక్కుని పిసుకుతూ ఉండమన్నారు. ఇన్నాళ్ల వైద్యంలో ఆయనకు నేర్పిన వ్యాయామం అదొక్కటే. బంతి ఖర్చు కూడా మాదే.

కండ కరిగితే గుండెకేంటి అంటారేమో. కిడ్నీ రోగుల ప్రాణాలు ఎక్కువగా తీసేది గుండె జబ్బులేనని మీ డాక్టర్లే చెబుతారు. కండ తగ్గి, అంత బరువూ నీరు చేరితే కాటా మీద అంకె మారదు. డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు, సరిగ్గానే ఉందనుకుంటారు. లోపల మిగిలిన నీటిని మోసేది గుండె. బీపీ పెరుగుతుంది, రాత్రి పడుకుంటే ఆయాసం. మా బావ ఎన్నో రాత్రులు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాడు. కాళ్లలో కండ ఎంతుందో చూసే మనిషి సెంటర్లో ఒకరుంటే ఈ సంగతి ముందే తెలిసేది కాదా?

ఇదేమీ మా సొంత వైద్యం కాదు. 2024 నాటి అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు, గుండె, ఒళ్లు తట్టుకునే మేరకు వారానికి 150 నిమిషాల వ్యాయామం చేయించమంటున్నాయి. కొన్ని దేశాల్లో డయాలసిస్ మొదటి రెండు గంటల్లోనే, బీపీ చూసుకుంటూ, కాలికి చిన్న ఇసుక సంచి కట్టి ఎత్తిస్తున్నారు, సాగే బ్యాండ్లు లాగిస్తున్నారు. కాళ్లకు బలం వస్తోందని పరీక్షల్లో తేలింది. గుండె జబ్బే రాదని నేననను. కానీ లేచి నాలుగడుగులు వేయగలిగితే అదే చాలు మాకు. ఇక ఖర్చంటారా, మన రాష్ట్రంలో ఇసుక ఉచితమే కదండీ!

అయ్యా, ఫిజియోథెరపిస్టును వేయండి. రోజూ కుదరకపోతే రెండు మూడు సెంటర్లకు కలిపి ఒకరిని వేయండి. అదీ కుదరకపోతే ఉన్న నర్సులకైనా నేర్పించండి, వాళ్లకి ఇప్పటికే ఊపిరాడనంత పని ఉందనుకోండి. మొదలుపెట్టే ముందు ఒక్కొక్కరికీ గుండె స్కాన్ తీయించండి. ఇంకా డయాలసిస్ దాకా రానివాళ్లకీ నేర్పించండి, వాళ్లే ఎక్కువమంది.

పాత అర్జీల కాపీలు మళ్లీ జత చేస్తున్నాం. ఈసారి ఏ సెంటర్లో, ఎవరు, ఏ తేదీ నుంచి వస్తారో రాసి పంపించండి.

ఇట్లు,
ఒక డయాలసిస్ రోగి బావమరిది,
కవిటి మండలం, శ్రీకాకుళం జిల్లా